కోపం వేరు, ద్వేషం వేరు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మేము మాట్లాడేది నూలు ధర గురించి, అమ్ముడుపోని సరుకు గురించి, రావలసిన బకాయిల గురించి. ఈసారి కమిటీ వాళ్ళు ద్వేషం మీద మాట్లాడమన్నారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. శాస్త్రం చెప్పడానికి రాలేదు. మగ్గం దగ్గర, సొసైటీ మెట్ల మీద చూసింది, పెద్దల దగ్గర విన్నది చెప్పిపోతాం.

ఈ విషయం ఎందుకు పెట్టారో మీకందరికీ తెలుసు. మరమగ్గాల ఇళ్ళవాళ్ళను సమాఖ్యలోంచి తీసెయ్యాలని ఈ ఏడు కొందరు పట్టుబట్టిండ్రు. తీస్తే మేమూ చూస్తామని అటువైపు వాళ్ళు అన్నరు. ఆ మాటల్లో కోపం పాలు ఎంత, ద్వేషం పాలు ఎంత అనేది ముందు తూకం వేసి చూడాలి. రెండూ ఒకటే అనుకుంటే న్యాయమైన మాట కూడా చెడిపోతది.

కోపం మనకు కొత్త కాదు. నేస్తూ ఉంటే పోగు తెగుతది. ఆ నూలు మిల్లువాణ్ణి ఒక తిట్టు తిట్టి, ముడి వేసి, మళ్ళీ నాడె ఆడిస్తం. కోపానికి ఒక కారణం ఉంటది, ఒక కొలత ఉంటది. బకాయి కడితే దిగుతది, తప్పు దిద్దుకుంటే దిగుతది. పగ కొంచెం వేరు, దానికి లెక్క ఉంటది. నువ్వు నాకింత చేశావు, నేను నీకంత చేస్తా అంటది. లెక్క సరిపోతే అదైనా చల్లారొచ్చు.

ద్వేషానికి ఈ లెక్కలేవీ పనికిరావు. అవతలివాడు బాకీ తీర్చినా, క్షమాపణ అడిగినా అది ఒప్పుకోదు. వాడు ఉండడమే దానికి కిట్టదు. అందుకే మేము ఒక ప్రశ్న పెట్టుకున్నాం. ఎవరైనా ఎవరి మీదనైనా మండిపడుతూ సొసైటీకి వస్తే, "సరే అన్నా, వాళ్ళు ఏం చేస్తే నీకు సమాధానం?" అని అడుగుతాం. "నా కూలి నాకు ఇప్పించండి", "నా డిజైను ఎత్తుకోవడం మానాలె" అని జవాబు వస్తే అది కోపం. దానికి దారి ఉంది. "వాళ్ళు ఏం చేసినా కాదు, వాళ్ళ జాతే అంత" అని వస్తే అది ద్వేషం.

ఇంకో గుర్తు కూడా ఉంది. కోపం ఒక మనిషి పేరు పట్టి మాట్లాడుతది. ద్వేషం "వాళ్ళు" అని మాట్లాడుతది. ఫలానా సేటు నన్ను మోసం చేశాడు అన్న మాట నాలుగు రోజుల్లో "ఆ సేట్లంతా అంతే" అయితది. ఒక మనిషి చేసిన పని కులం మీదికో, మతం మీదికో, భాష మీదికో ఎక్కుతది. అక్కడికి వచ్చేసరికి మనిషి ముఖం చెరిగిపోతది. ముఖం లేనివాణ్ణి ఏమన్నా మనసుకు నొప్పి అనిపించదు.

ఇది ఎక్కడినుంచి పుడుతది? అరిషడ్వర్గాల్లో కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం ఉన్నాయి గానీ ద్వేషం పేరు లేదు. పతంజలి యోగ సూత్రాల్లో మాత్రం మనిషిని బాధపెట్టే అయిదింటిలో రాగంతో పాటు ద్వేషాన్ని కూడా చెప్పారు. దుఃఖం పడిన చోట అది మిగిలిపోతదని అక్కడి భావం. అది మాకు నిజమనిపించింది. దెబ్బ తిన్నవాడి దగ్గరే ద్వేషం ఎక్కువ. మనం దెబ్బ తిన్నవాళ్ళం. తాతల కాలంలో కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని ఈ ఊళ్ళకు వచ్చినం. కాబట్టి ద్వేషం మన గడప దగ్గరే కూర్చుని ఉంటది. చెడ్డవాళ్ళకే వస్తదని అనుకోవద్దు.

మా సొసైటీలో ఇద్దరు దాయాదుల ఇళ్ళు పక్కపక్కనే ఉన్నయి. వీధిలో పడుగు సాపే దగ్గర మొదలైన తగాదా. మొదటివాళ్ళు ఇద్దరూ పోయారు. ఇప్పుడు మనమల కాలం. దేనికి మాటలు లేవని ఆ పిల్లలను అడిగితే చెప్పలేరు. పడుగు సాపి గంజి పెట్టాలంటే నలుగురు మనుషులు కావాలి గదా. పక్క ఇంట్లో మనుషులు ఉండగానే ఈ రెండిళ్ళూ పై వీధి వాళ్ళను కూలికి పిలుచుకుంటాయి. ఆస్తి పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది కొంచెమే. ద్వేషం అట్ల కాదు, వారసులు ఎంతమంది ఉంటే అంతమందికీ మొత్తం వస్తది.

ఇప్పుడు మీలో కొందరికి ఒక సందేహం వస్తది. ద్వేషం వద్దంటే అన్యాయం చూస్తూ ఊరుకోవాలా? మన బతుకు తీసేవాణ్ణి కూడా ప్రేమించాలా? దీనికి జవాబు మన నేత చరిత్రలోనే ఉంది.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. ఆ రోజు గుర్తుగానే 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినంగా జరుపుకుంటున్నాం. 1921లో గాంధీగారు బొంబాయిలో విదేశీ బట్ట కుప్ప వేసి తగలబెట్టించారు. బహిష్కారం దెబ్బ ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల మీద కూడా పడింది. అక్కడి నేత పనివాళ్ళకు పని పోయింది. 1931లో గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళినప్పుడు, సెప్టెంబరులో ఆ లాంకషైర్‌కే వెళ్ళారు. డార్వెన్ అనే మిల్లుల ఊళ్ళో పనివాళ్ళను కలిశారు. మీ కష్టం నిజమే అని ఒప్పుకున్నారు, మా దేశంలో పేదరికం ఇంకా ఘోరం అని కూడా చెప్పారు. బహిష్కారం మాత్రం తప్పని అనలేదు. ఆ పని పోయినవాళ్ళే ఆయన చుట్టూ చేరి చేతులెత్తి జేజేలు కొట్టారు. ఆ ఫొటో ఇప్పటికీ దొరుకుతది.

చూడండి, గాంధీగారు బట్టను కాల్చమన్నారు గానీ, నేసినవాణ్ణి ద్వేషించమనలేదు. ఆయన పట్టుదల సన్నగిల్లలేదు, అయినా ఎదుటివాడి గడపలోకి పోయి కూర్చోగలిగారు. అన్యాయంతో గట్టిగా కొట్లాడటానికి ద్వేషం అవసరం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ద్వేషం పెరిగితే ఏమైతదో భివండిని అడగండి. అక్కడ మన తెలంగాణ పద్మశాలీలు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్ళు ఒకే వీధుల్లో, ఒకే మరమగ్గాల మీద బతికినవాళ్ళు. 1970 మే నెలలో, మళ్ళీ 1984 మే నెలలో మత కల్లోలాలు జరిగినయి. మనుషులు పోయారు. మగ్గాలు తగలబడినయి. మగ్గం కాలితే సొంతదారు పెట్టుబడి పోయింది, దాని మీద నిలబడ్డ పనివాడి కూలి కూడా దాంతోటే పోయింది. మంట ఇది ఎవరి మగ్గం అని అడగలేదు.

1988లో అక్కడికి వచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే పేటపేటకూ మొహల్లా కమిటీలు పెట్టించారు. రెండు మతాల వాళ్ళనూ మళ్ళీ మళ్ళీ ఒక చోట కూర్చోబెట్టారు. పేటలో చిన్నచిన్న తగాదాలను అక్కడే మాట్లాడుకున్నారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో పక్కనే బొంబాయి తగలబడుతుంటే భివండి శాంతంగా ఉంది. ఆ ఊళ్ళో తర్వాత ఏ గొడవా లేదని మేము అనడం లేదు. కానీ చెరిగిపోయిన ముఖాలు మళ్ళీ కనబడితే ద్వేషానికి బలం తగ్గుతదని అక్కడ తేలింది.

ఇక మన ఇంటి మాటకు వద్దాం. 1985లో చేనేతకు రిజర్వేషన్ చట్టం వచ్చింది. మొదట 22 రకాలు చేనేతకే అన్నారు, ఇప్పుడు 11 రకాలు మిగిలాయి. చేనేతకు కేటాయించిన రకాన్ని మరమగ్గం మీద నేసి, చేనేత అని చెప్పి అమ్మితే అది తప్పు. మా కోపం అక్కడ ఉంది, ఉంటది. దానికి ఫిర్యాదు ఉంది, తనిఖీ ఉంది. అయితే సిరిసిల్లలో, భివండిలో, మా షోలాపూర్‌లో ఆ మరమగ్గాల పక్కన రాత్రి పూట నిలబడేది ఎవరు? మన పిన్నమ్మ కొడుకు, మన మేనల్లుడు. చేనేతలో కడుపు నిండక అటు పోయినవాళ్ళు. వాళ్ళను తీసేస్తే నకిలీ సరుకు ఆగదు. మనిషి మాత్రం దూరమైతడు.

అందుకని మా సొసైటీ తరఫున మూడు మాటలు మనవి చేస్తున్నాం.

మొదటిది, ఫిర్యాదు రాస్తే పేరు, తేదీ, చేసిన పని, జరిగిన నష్టం, కావలసిన పరిహారం రాయండి. "వాళ్ళంతా ఇంతే" అన్న మాట పుస్తకంలో ఎక్కనియ్యకండి.

రెండోది, నూలు కట్ట వస్తే కౌంటు చూస్తం, తూకం చూస్తం, తడి ఉందా అని చేత్తో పట్టి చూస్తం. ఫోనులో వచ్చిన మాటకు ఏమీ చూడం. ఎవరు పంపిండ్రో, ఎక్కడ జరిగిందో తెలియని మాటను పది మందికి పంపుతం. నూలుకు చేసే పరీక్ష మాటకు కూడా చెయ్యండి.

మూడోది, పిల్లల ముందు మనిషి చేసిన పనిని తప్పుపట్టండి, పుట్టుకను తిట్టకండి.

సర్వసభ్య సమావేశంలో మరమగ్గాల ఇళ్ళ విషయం ఓటుకు వస్తది. ఏ సరుకు మీద ఏ ముద్ర ఉండాలె అని వాదించండి, గట్టిగా వాదించండి, మేమూ వాదిస్తాం. ఎవరు మనవాళ్ళు, ఎవరు కాదు అని మాత్రం ఓటు పెట్టొద్దు. ఓటు వేసే ముందు ఒక్కసారి మరమగ్గం షెడ్డుకు పోయి, అక్కడి మనిషితో కలిసి చాయ్ తాగి రండి. అప్పుడు వేసిన ఓటు ఏదైనా మేము శిరసావహిస్తాం.