చివరి బస్సుకు వెళ్లిపోయినవాళ్లు

నన్ను ఈ వేదిక మీది కుర్చీలో కూర్చోబెట్టారు. అయితే ఇవాళ నా ధ్యాసంతా మనకెదురుగా ఉండే కుర్చీల మీదే ఉంది.

ఆమధ్య ఒక నాటక పరిషత్తులో పోటీలు చూడ్డానికి వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. నా పక్కన ఒకావిడ, ఆవిడ ఇద్దరు కూతుళ్లు. రెండో నాటిక అయ్యేసరికి ఎనిమిదిన్నర. తెర పడుతుంటే ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తడి ఆరకముందే వేదిక మీద కుర్చీలు వేశారు. దాతలకు సన్మానం. ఒక్కొక్కరికీ దండ, శాలువా, జ్ఞాపిక, ఫొటో, రెండు మాటలు. ముప్పావుగంట గడిచింది. పెద్దపిల్ల రెండుసార్లు టైము అడిగింది. తొమ్మిదింబావుకు ముగ్గురూ లేచారు. ‘ఇంకో నాటిక ఉందమ్మా’ అన్నాను. ‘తెలుసు బాబూ, మా ఊరికి ఆఖరి బస్సు తొమ్మిదిన్నరకే’ అంది. ఆవిడ వెనకే ఇంకో పదిమంది దాకా వెళ్లిపోయారు.

మర్నాడు నిర్వాహకుల్లో ఒకాయన బాధపడ్డాడు: ‘టీవీలొచ్చి జనాన్ని చెడగొట్టాయండీ, మూడో నాటికకు ఎవరూ నిలవడం లేదు.’ ఆయన బాధ నిజమైనదే. చెప్పిన కారణం మాత్రం తప్పు. ఆ తప్పు ఆయనొక్కడిదే అనను. మన ప్రేక్షకులెవరో మనలో ఎవరికీ తెలియదు.

ఆవిడ చూడలేకపోయిన ఆ మూడో నాటిక నెల తిరక్కుండా ఇరవై కిలోమీటర్ల దూరంలో ఇంకో పరిషత్తులో ఆడింది. ఆ తల్లికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఏ ఊరి మనిషో మొదటివాళ్లు అడగలేదు, రెండోవాళ్లకు అసలు తెలియదు. మనం అన్నీ పంచుకుంటాం. అవే సమాజాలు, అవే నాటికలు, ఆ మేకప్ మనిషే, ఆ లైటింగు కుర్రాళ్లే ఊరు మార్చి ఊరు తిరుగుతారు. చాలాచోట్ల న్యాయనిర్ణేతలూ వాళ్లే. చూసేవాళ్ల గురించిన ఎరుకను మాత్రం ఎవరి గడప దగ్గర వాళ్లం వదిలేస్తున్నాం.

కలిసి నడవడం మనకు కొత్త కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో తెలుగు గ్రంథాలయాల ప్రతినిధులు మొదటిసారి సమావేశమయ్యారు. ‘గయోపాఖ్యానం’ నాటకం రాసిన మన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారే ఆ సభకు అధ్యక్షులు. అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఊరికొకటిగా విడివిడిగా ఉన్న గ్రంథాలయాలు ఒక సంఘమయ్యాయి. ఆ ఉద్యమంలో నాకు మరీ ఇష్టమైనది పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ పడవ ఎక్కించి పుస్తకాలను జనం దగ్గరికి పంపారు. పడవ మెల్లగా సాగుతుంటే ప్రయాణికుడికి గంటల కొద్దీ తీరిక. ఆ తీరిక ఎక్కడుందో కనిపెట్టడమే ఆయన చేసిన పని. చదివేవాడు రాలేదని ఆయన వగవలేదు, వాడున్నచోటికే వెళ్లారు. అలాగే మన నాటకాలవాళ్లు కూడా కలిసి 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తును నెలకొల్పుకున్నారు. అందులో ముందున్న వనారస గోవిందరావు గారు సురభి నాటక కుటుంబాల మనిషి.

సురభి వాళ్ల దగ్గర ఒక విషయం నేర్చుకోవాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబాలు టికెట్టు మీదే బతికాయి. ఊళ్లో పాకహాలు వేసుకుని నెలల తరబడి ఉండేవాళ్లు. నేల టికెట్లు ఏ రోజు ఎక్కువ తెగాయో, ఏ నాటకానికి ఆడవాళ్లు పిల్లలతో సహా కదిలొచ్చారో ఆ లెక్క టికెట్ల పెట్టె దగ్గరే తేలేది. రేపు ‘మాయాబజార్’ వెయ్యాలా, ‘బాలనాగమ్మ’ వెయ్యాలా, సామాను సర్దుకోవాలా అన్నది ఆ లెక్క చూసి ఆలోచించుకోవాల్సిందే.

మన పరిషత్తులు ప్రవేశం ఉచితం చేశాయి. అది మంచి పనే. కూలికి వెళ్లొచ్చినవాడు కూడా వచ్చి కూర్చుంటున్నాడు. టికెట్టు మళ్లీ పెట్టమని నేను అనను. కానీ టికెట్టుతో పాటు లెక్కా పోయింది. ఇప్పుడు మన దగ్గర మిగిలింది షామియానా వాళ్ల బిల్లు ఒక్కటే. అద్దెకు ఎన్ని కుర్చీలు తెచ్చామో అది చెబుతుంది. వాటిలో ఎవరు కూర్చున్నారో, ఎప్పుడు లేచారో చెప్పదు.

కొంచెం కఠినంగా ఉన్నా ఒక మాట చెప్పాలి. మనలో చాలామంది ప్రేక్షకులనుకుంటున్నది మనల్నే. ముందు వరసల్లో తమ వంతు కోసం ఎదురుచూసే నటులు, వాళ్ల బంధువులు, పాత కార్యవర్గ సభ్యులు ఉంటారు. ఆ చప్పట్లు విని, న్యాయనిర్ణేతల మార్కులు చూసి రచయితలు రాస్తున్నారు. చివరి వరసలో కళ్లు తుడుచుకున్న మనిషికి ఏ నాటిక నచ్చిందో రచయిత దాకా చేరే దారే లేదు.

నేను అడిగేది పెద్ద పని కాదు. ప్రతి పరిషత్తూ గుమ్మం దగ్గర ఒక పుస్తకం పెట్టాలి. ఏ ఊరు, ఎవరితో వచ్చారు, ఈ నాటకాల సంగతి ఎలా తెలిసింది: ఈ మూడు ప్రశ్నలే. ఇష్టమైతే ఫోను నెంబరు. ఆ నెంబరు నాటకం కబురు చెప్పడానికి తప్ప దేనికీ వాడకూడదు, దాతలకు కూడా ఇవ్వకూడదు. ప్రతి నాటిక చివరా తలలు లెక్కపెట్టాలి. ఏడాదికి రెండుసార్లు చుట్టుపక్కల నాలుగు పరిషత్తులు కూర్చుని ఆ పుస్తకాలు ఒకరివొకరు చదవాలి. అప్పుడే తేదీలు కూడా చూసుకుంటే పక్కపక్క ఊళ్లలో ఒకే మూడు రోజులు పోటీలు పెట్టుకునే అవస్థ తప్పుతుంది.

‘మన జనాన్ని పక్క ఊరివాళ్లు లాక్కుపోతారు’ అని ఒక మిత్రుడు భయపడ్డాడు. మద్రాసు డిసెంబరు సంగీత కచేరీలకు వెళ్లి చూడండి. మధ్యాహ్నం ఒక సభలో విన్న రసికుడు సాయంత్రం ఇంకో సభలో కనిపిస్తాడు. సభలన్నిటి కచేరీల వరసా అతని దగ్గర ఉంటుంది. అంత దగ్గర దగ్గరగా ఉన్నా ఆ సభలు నిలిచే ఉన్నాయి. ఒక మంచి నాటకం చూసిన మనిషికి రెండోది చూడాలనిపిస్తుంది. ఆ రెండోది పక్క ఊళ్లో దొరికితే వచ్చే ఏడాది మన దగ్గరికీ వస్తాడు.

ఇక నాటికల మధ్య పెట్టే సన్మానాల గురించి ముగ్గురు దాతల్ని నేనే అడిగాను. మొదటి నాటికకు ముందే పెట్టుకుంటే తమకేమీ అభ్యంతరం లేదన్నారు. ఇన్నాళ్లూ వాళ్లనెవరూ అడగలేదట.

ఈ సాయంత్రం ఆరింటికి ఇక్కడ మొదటి నాటిక. గుమ్మం దగ్గర చిన్న బల్ల వెయ్యమంటే నిర్వాహకులు సరేనన్నారు. రెండొందల పేజీల రూళ్ల పుస్తకం కొనుక్కొచ్చాను. మొదటి గంట కొట్టేదాకా అక్కడ నేను కూర్చుంటాను, మీలో ఇద్దరు తోడు రండి. పొద్దున డిపోకి వెళ్లి ఏ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో రాసుకొచ్చాను. ఆ కాగితాన్ని పుస్తకం మొదటి పేజీలో అంటించాను.