పదింటికి రమ్మన్నారు



ఆసుపత్రి పుస్తకంలో ఉదయం పది గంటలకు రమ్మని రాసిస్తారు. ఆ రాత చూసుకుని మనమూ పదింటి గురించే ఆలోచిస్తాం. పల్లె నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి రావలసిన మనిషికి నిజానికి ఆ పదింటితో పెద్ద పని లేదు. ఆమె తెలుసుకోవలసింది ఊళ్లోంచి మొదటి బస్సు ఎన్నింటికి కదులుతుందనే సంగతి. ఆ బస్సు అందితే డాక్టరు అందినట్టే. అది తప్పిందా, ఇక ఎంత పరుగెత్తినా ఓ.పి. చీటీల కిటికీ మూసే వేళకు చేరుకుంటాం.

1957లో ఇక్కడ మెడికల్ కాలేజీ వచ్చింది. అప్పటినుంచీ ఆదోని, ఆలూరు, నంద్యాల వైపు నుంచేకాక అటు గద్వాల, ఇటు రాయచూరు వైపు నుంచి కూడా జనం ఈ ఆసుపత్రికే వస్తున్నారు. అంత దూరం నుంచి వచ్చే ఆడవాళ్లకు ఈ మధ్య ఒక బరువు తగ్గింది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైంది. మన రాష్ట్రపు ఆడవాళ్లు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డో, ఓటరు కార్డో, రేషన్ కార్డో చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టిక్కెట్టు కొట్టి ఇస్తాడు. సూపర్ లగ్జరీ వంటి వాటికీ, పక్క రాష్ట్రాలకు పోయే బస్సులకూ ఇది వర్తించదు. ఆదోని బస్టాండులో రాయచూరు బస్సూ, కర్నూలు బస్సూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి గనుక బోర్డు చదువుకుని ఎక్కాలి. చార్జీలకు డబ్బుల్లేక ఆసుపత్రికి పోలేదన్న మాట చాలా ఇళ్లలో పోయింది, సంతోషం. అయితే వేళకు చేరడం డబ్బుతో తీరే కష్టం కాదు. పైగా పొద్దున బస్సుల్లో ఇప్పుడు జనం ఎక్కువ. కడుపుతో ఉన్నావిడ నిలబడి ప్రయాణం చేయకూడదంటే, దారి మధ్య ఎక్కడో చెయ్యెత్తి ఆపడం కాదు, బస్సు బయలుదేరే చోటే ఎక్కి కూర్చోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఆదోని అవతల ఒక పల్లె అనుకోండి. డాక్టరు పదింటికి చూస్తారు. చీటీ వరుసలో అరగంట తీసేయండి, తొమ్మిదిన్నర. కర్నూలు బస్టాండు నుంచి ఆసుపత్రికి షేర్ ఆటో నిండేదాకా ఆగి, చేరడానికి ఇంకో అరగంట, తొమ్మిది. ఆదోని నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. రెండున్నర గంటలు వేసుకుంటే ఆదోనిలో ఆరున్నరకు బస్సెక్కాలి. ఆదోనిలో బస్సు మారడానికి అరగంట, పల్లె నుంచి ఆదోనికి ఒక గంట. ఎంతయింది? అయిదు. ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి నడక సరేసరి. పదింటి డాక్టరంటే మనకు తెల్లవారుజాము అయిదింటి బస్సు! ఊరి మొదటి బస్సే ఆరింటికి కదిలేదైతే మీరెంత తొందరపడ్డా ఆ రోజు పదింటికి చేరలేరు. అప్పుడు ముందునాటి సాయంత్రమే వచ్చి కర్నూల్లో చుట్టాలింట్లో పడుకోవడం తప్ప గతి లేదు. రైలు ఉంది కదా అంటారేమో. ఆదోనికి రైలుంది, కర్నూలుకూ రైలుంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నేరుగా మాత్రం లేదు, గుంతకల్లు, డోన్ చుట్టి రావాలి.

ఇక మన పల్లెల్లో చాలాచోట్ల మొదటి బస్సంటే నైట్ హాల్ట్ బస్సే. రాత్రి వచ్చి ఊళ్లో ఆగుతుంది. డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుంటారు. తెల్లారేముందు అదే బస్సు బయలుదేరుతుంది. దీనిలో ఒక సుఖముంది, చాలామంది గమనించరు. ఇంకే బస్సయినా పొద్దున రాకపోతే రాలేదని పొద్దునే తెలుస్తుంది. నైట్ హాల్ట్ బస్సు మాత్రం రాత్రే చెప్పేస్తుంది. ఎనిమిదో తొమ్మిదో అయినా ఊళ్లోకి రాలేదంటే పొద్దున మొదటి బస్సు లేనట్టే. ఇంకా రాత్రంతా చేతిలో ఉంది. ఊళ్లో ఆటో అబ్బాయికి అప్పుడే చెప్పి పెట్టుకోవచ్చు, మెయిన్ రోడ్డుదాకా మోటారు సైకిలు మీద దింపమని తమ్ముణ్నో మరిదినో అడగవచ్చు. బస్సు వస్తే గనుక కండక్టర్ని కలిసి, "అన్నా, పొద్దున ఆసుపత్రికి రావాల, ఎన్నింటికి తీస్తారు?" అని అడగండి. అడిగిన మనిషి కోసం రెండు నిమిషాలు చూసే కండక్టర్లు మన సీమలో ఇంకా ఉన్నారు. ఆర్టీసీ వాళ్ల లైవ్ ట్రాక్ అనే యాప్ కూడా ఉంది. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఫోన్లో చూసి పెట్టమనండి. నన్నడిగితే కండక్టరు మాటే గట్టిది.

బస్సు సంగతి ఇలా ఉంటే, ఇంటి సంగతి వేరు. అసలు చిక్కు అక్కడే. మగవాడికి డాక్టరు రమ్మంటే చొక్కా తొడుక్కుని బయలుదేరతాడు. ఆడది బయలుదేరాలంటే పాలు పిండాలి, పిల్లలకు క్యారేజీలు కట్టాలి, మామగారికి రొట్టెలు చేసి పెట్టాలి, నీళ్లు పట్టాలి. కొళాయి వచ్చేదీ ఆ వేళకే. అన్నీ ముగించుకుని పమిట సర్దుకుని వచ్చేసరికి బస్సు ఊరు దాటి ఉంటుంది. తేదీ ఆమె పేరుతోనే రాశారు, ఆ పొద్దు మాత్రం ఆమెది కాదు. అందుకే ఇంట్లోవాళ్లకు పుస్తకం చూపించి నాలుగు రోజుల ముందే చెప్పండి. "ఆ రోజు పొద్దున పని నాది కాదు, ఎవరు చేస్తారో మీరే చూసుకోండి" అని నెమ్మదిగానే అయినా గట్టిగా చెప్పండి. అత్తలూ, ఆడబిడ్డలూ ఈ ప్రసంగం వింటూ ఉంటే వాళ్లకు కూడా నా మనవి ఇదే. ఒక్క పూట పాలు పిండడం ఎవరికైనా చేతనవుతుంది.

ఒక్క రోజు తప్పితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లున్నారు. ఏమవుతుందో చూడండి. 2016లో మొదలైన సురక్షిత మాతృత్వ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను ప్రతి నెలా 9వ తేదీన ప్రత్యేకంగా పరీక్ష చేస్తారు. ఆ తేదీ తప్పితే మళ్లీ వచ్చే నెల 9 దాకా ఆగకుండా, మర్నాడే ఆశా కార్యకర్తనో నర్సమ్మనో కలిసి ఎప్పుడు రావాలో కనుక్కోండి. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాను 18 నుంచి 22 వారాల మధ్య తీయవలసింది. వారాలు మన కోసం ఆగవు. సుగ్గికి గుంటూరు వైపు పోయే కుటుంబాలు ఈ వారాల లెక్క చూసుకుని కదలడం మంచిది. పోక తప్పదంటే పుస్తకం వెంట తీసుకుపోయి అక్కడి ఆసుపత్రిలో చూపించండి.

ఆలస్యం వల్ల పరీక్షలు కూడా చెడతాయి. బస్సు దిగి, ఆటో దిగి, మెట్లెక్కి, రొప్పుతూ కూర్చున్న మనిషికి బీపీ చూస్తే ఎక్కువే చూపిస్తుంది. అయిదు నిమిషాలు నిమ్మళంగా కూర్చున్నాక చూడాలి. దానికి ముందు అరగంట దాకా కాఫీ, టీ తాగకూడదు. "ఇప్పుడే వచ్చాను, కాస్త ఆగి చూడండి" అని చెప్పడానికి మొహమాటం వద్దు. పరగడుపున చేసే షుగరు పరీక్షకు ఎనిమిది గంటలైనా ఏమీ తినకుండా ఉండాలి, మంచినీళ్లు తాగవచ్చు. అయిదింటి బస్సెక్కినవాళ్లు దారిలో ఆకలికి ఉగ్గాని పొట్లం విప్పారంటే ఆ ప్రయాణం వృథా. రొట్టె కట్టుకుని రండి, రక్తం ఇచ్చాక తినండి. ఆ రోజు షుగరు మాత్ర, బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందుసారే డాక్టర్ని అడిగి రాయించుకోవాలి. ఖాళీ కడుపుతో షుగరు మాత్ర మింగి బస్సెక్కితే దారిలోనే కళ్లు తిరగవచ్చు.

ఇంకొకటి, మగవాళ్ల ముందు చెప్పుకోలేక బాధపడేది. పొత్తికడుపు స్కానుకు మూత్రం నిండుగా ఉండాలంటారు. అది విని ఇంటి దగ్గరే చెంబెడు నీళ్లు తాగి బస్సెక్కుతారు, మూడు గంటలు నరకం పడతారు. ఆసుపత్రికి చేరి చీటీ తీసుకున్నాక తాగండి. స్కానుకు సుమారు గంట ముందు తాగితే సరిపోతుంది. సీసా మాత్రం వెంట ఉంచుకోండి.

తేదీ రాయించుకునేటప్పుడే కొన్ని చూసుకోవాలి. పెద్దాసుపత్రిలో ఒక్కో విభాగంలో ఒక్కో డాక్టర్ల బృందం ఫలానా వారాల్లోనే ఓ.పి. చూస్తుంది. కాబట్టి తేదీతోపాటు వారం కూడా గుర్తుపెట్టుకోండి. ఆ రోజు పండుగ సెలవేమో అడగండి. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలానికి, శ్రావణ బహుళంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు మంత్రాలయానికి ప్రత్యేక బస్సులు వేస్తారు. ఆ రోజుల్లో మామూలు బస్సులు తగ్గుతాయి, ఉన్నవాటిలో కాలు పెట్టడానికి చోటుండదు. తప్పనిసరి కాకపోతే ఆ వారం వద్దని, పక్క వారం ఇమ్మని అడగండి. అడగందే వాళ్లకెలా తెలుస్తుంది, మనం పదింటికి రావాలంటే అయిదింటికి బస్సెక్కాలని? చాలా పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో గోడమీద క్యూఆర్ బొమ్మ అతికించి ఉంటుంది. ఆభా నంబరు ఉన్నవాళ్లు ఫోనుతో దాన్ని తీస్తే ఓ.పి. టోకెను వస్తుంది, వరుసలో కొంత సేపు కలిసొస్తుంది.

ఇదంతా ముందుగా తేదీ ఇచ్చిన చూపింపుల సంగతి. నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా, ఛాతీలో పట్టేసినా బస్సు టైము చూడకండి, 108కి ఫోను చేయండి.

తిరుగు ప్రయాణం కూడా పొద్దునే తేల్చుకోవాలి. రిపోర్టులు మధ్యాహ్నం ఎన్నింటికిస్తారో రక్తం ఇచ్చేటప్పుడే అడగండి. ఊరికి పోయే ఆఖరి బస్సు, మొన్న రాత్రి మన ఊళ్లో పడుకున్న ఆ నైట్ హాల్ట్ బస్సే కావచ్చు. ఆదోనిలో అది ఎన్నింటికి బయలుదేరుతుందో పొద్దున దిగేటప్పుడే కండక్టర్ని అడిగి, చీటీ వెనక రాసుకోండి.