వ్యంగ్యచిత్రమును చదువుట



పత్రికలో అక్షరము రానివారు సైతము చదువగలిగినది వ్యంగ్యచిత్రము. పాలకులు దానికి వెఱచుట అందుచేతనే.

ఫ్రాన్సు దేశమున దోమియే అను చిత్రకారుడు 1834లో ఒక చిత్రము వేసెను. నడుమ ముద్రణాలయపు కార్మికుడొకడు పిడికిళ్లు బిగించి నిలిచియున్నాడు. అతని కాళ్లక్రింద నేలపై 'పత్రికా స్వాతంత్ర్యము' అని వ్రాసియున్నది. ఒక ప్రక్క గొడుగుతో బెదిరించుచున్నవాడు నాటి రాజు లూయీ ఫిలిప్. మరియొక ప్రక్క కూలబడినవాడు పూర్వపు రాజు పదవ చార్లెసు. 1830లో పత్రికల స్వేచ్ఛను హరించుచు ఉత్తర్వులు చేయగా, ప్రజలు తిరుగబడి ఆయనను గద్దె దించిరి. పడినవానిని చూచియైనను ఆగుమని ఈ చిత్రము చెప్పుచున్నది.

రాజు ఆగలేదు. సెన్సారు ఇక ఎన్నడును రాదని 1830 రాజ్యాంగపత్రము మాట యిచ్చినది. అయినను 1835 సెప్టెంబరు చట్టము ప్రతి చిత్రమునకు ముందుగా అనుమతి పొందవలెనన్నది. వ్రాతలకు ఆ నిర్బంధము లేదు. బొమ్మకే సంకెల పడినది. 1848లో సంస్కరణలు కోరువారి విందుసభను నిషేధింపగా ప్రజలు మరల తిరుగబడిరి. లూయీ ఫిలిప్ దేశము విడిచి పారిపోయెను. ఆ పతనమునకు కారణములు పెక్కు. కాని ప్రజల మనస్సును చూపు అద్దమును ఆయన పదుమూడేండ్ల ముందే కప్పివేసికొనెను.

కావున మన పఠనమందిరములో బొమ్మను చూచి నవ్వి పుట త్రిప్పవలదు. ఎవరు నిలిచియున్నారు, ఎవరు పడియున్నారు, ఎవరి చేత ఏమున్నది అని అడుగుడు. చదువురాని పొరుగువారికి సైతము చూపి, వారి అర్థము వినుడు. ఇరువదియైదేండ్ల ఈ గ్రంథాలయము ఇకమీదట ఆ పాఠకులను గూడ తనవారిని చేసికొనుగాక.