బొమ్మ కింద పేరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మాది కూచిపూడి అనగానే బయటివాళ్లు ముందు నా కాళ్ల వంక చూస్తారు. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీర్నండీ, నాకు తెలిసిన తాళమల్లా లాకు తలుపులకి వేసేదే అని ముప్పై ఏళ్లుగా చెప్పుకుంటూ వస్తున్నాను. అందుకే ఈ రోజు నాట్యం జోలికి పోను. మన కాలవ గట్ల మీద ఎవరూ నాటకుండా పూసే పూల గురించి, వాటిని బొమ్మలుగా గీసినవాళ్ల గురించి చెబుతాను. ఇందులో నా సొంత బాకీ కూడా ఒకటుంది.

1780ల్లో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. రోగుల కంటే మొక్కల మీదే ఆయనకి ధ్యాస ఎక్కువ. మొక్కని పీకించి తెప్పించడం, మన చిత్రకారుల చేత గీయించడం, దాని తెలుగు పేరు అడిగి రాసుకోవడం, ఇదీ ఆయన వరస. 1793లో కలకత్తా తోటకి అధికారిగా వెళ్లిపోయాడు. ఆయన లండన్‌కి పంపిన 500 బొమ్మల్లోంచి జోసెఫ్ బ్యాంక్స్ 300 ఏరి, 1795 నుంచి మూడు పెద్ద సంపుటాలుగా అచ్చు వేయించాడు. అందులో మన మోదుగ ఉంది. మన సోమిద చెట్టు ఉంది; ఆ తెలుగు మాటే తర్వాత ‘సోయిమిడా’ అని శాస్త్రనామం అయింది. బందరు అద్దకాల ఎరుపుకి ఆధారమైన చిరివేరు మొక్కా ఉంది. వేరు సంగతి అందరికీ తెలుసు గానీ, దాని సన్నటి తెల్లపూలని అంత శ్రద్ధగా చూసినవాడు ఆ చిత్రకారుడే.

ఆ చిత్రకారుడెవరు? పుస్తకంలో పేరు లేదు.

ఆ పని ఎంత కష్టమో ఒక్క మాటలో చెబుతాను. పువ్వు వాడేలోపు గీయాలి. ముందు పెన్సిలు, ఆ తర్వాత నీటిరంగులు. అంతటితో అయిపోదు. పువ్వుని విప్పి కేసరాలు, అండాశయం, గింజ విడివిడిగా, అసలు కొలత కంటే పెంచి గీయాలి. మా ఇంజనీర్ల భాషలో ప్లాను, సెక్షను, డిటైలు అన్నీ ఒకే షీటు మీదన్నమాట. తేడా ఏమిటంటే మా తూము రెండు గంటల్లో వాడిపోదు.

తర్వాతి తరంలో రాబర్ట్ వైట్ అని ఇంకో స్కాట్లండ్ డాక్టరు వచ్చాడు. 1838 నుంచి 1853 దాకా మద్రాసులో ఆరు సంపుటాలు వేశాడు, 2101 బొమ్మలు. ముందు ఒక చిత్రకారుడు, 1845 ప్రాంతం నుంచి ఇంకొకడు ఆయన దగ్గర పనిచేశారు. కాలవల్లో పెరిగే మొక్కల పేర్ల కోసం ఆ సంపుటాలు తిరగేస్తుంటే బొమ్మ అడుగున చిన్న అక్షరాలు కనబడ్డాయి. ‘రంగయ్య డెల్.’ అని. డెల్ అంటే లాటిన్‌లో గీసినవాడని అర్థం. తర్వాతి సంపుటాల్లో ‘గోవిందు డెల్.’ రంగయ్య, గోవిందు! మన పక్కవీధి వాళ్లని పిలిచినట్టు లేదూ? గోవిందు పనికి మెచ్చి వైట్ 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. ఇప్పటి శాస్త్రజ్ఞులు దాన్ని ట్రొపీడియాలో కలిపేశారనుకోండి. అయినా బొమ్మ కింద పేరు అలాగే ఉంది.

మా ఆఫీసు డ్రాయింగుల్లో కుడిచేతి మూల మూడు గళ్లుంటాయి: గీసినది, సరిచూసినది, ఆమోదించినది. చిన్న తూము డ్రాయింగయినా మొదటి గడి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను. కింద పనిచేసే కుర్రాళ్లు ఇదేం పట్టింపని నవ్వుకునేవాళ్లు. ఆ పట్టింపు ఎక్కడిదో వాళ్లకి చెప్పలేదు. మీకు చెబుతాను.

పదో తరగతిలో నా సైన్సు రికార్డుకి మంచి మార్కులొచ్చాయి. దాన్ని క్లాసంతా తిప్పి చూపించారు. మందార, ఉమ్మెత్త, తుమ్మిపువ్వు, నీరుగొబ్బి, ఒక్కటి కూడా నేను గీయలేదు. నా బెంచీలో కూర్చునేవాడు గీశాడు. వాడు కాలవగట్టుకి వెళ్లి పూలు కోసుకొచ్చి, సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని గీసేవాడు. బదులుగా నేను వాడికి లెక్కలు చేసిపెట్టేవాణ్ణి. వాడి రికార్డు మాత్రం సగంలో ఆగిపోయింది. రెండోది గీసుకునే టైము వాడికి మిగల్లేదు. వాడికి తక్కువ మార్కులొచ్చిన రోజు నేను నోరు విప్పలేదు. పదో తరగతితోనే చదువు మానేసి వాడు పెడన వెళ్లి అద్దకం పనిలో చేరాడు. ఇప్పుడు టేకు చెక్క మీద పూల అచ్చులు చెక్కుతాడు.

పోయిన నెల రికార్డు పట్టుకుని పెడన వెళ్లాను. క్షమించమని ఎలా అడగాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను. వాడు పేజీలు తిప్పి, మందార దగ్గర ఆగి, “కేసరనాళం పొట్టిగా గీశాన్రా, మాస్టారెలా వదిలేశారో!” అన్నాడు. ఈ సభకి రమ్మన్నాను. ఆర్డరుంది, కుదరదన్నాడు. “మైకులో నా పేరు చెప్పకు, సిగ్గేస్తుంది” అన్నాడు. చెప్పడం లేదు.

రికార్డు పక్కగదిలో ప్రదర్శనలో పెట్టాం. ప్రతి బొమ్మ కిందా వాడి పేరు రాశాను. టిఫిన్లకి వెళ్లేముందు ఒకసారి చూడండి. మందార ఏడో పేజీలో ఉంది.