యంత్రమునకు జ్వరము

సూళ్ళూరుపేటనుండి తూర్పునకు పోవు బాట పులికాట్ సరస్సును దాటి శ్రీహరికోటను చేరును. శీతకాలమున ఆ బాటకు ఇరుప్రక్కల నీటిలో ఫ్లెమింగో పక్షులు నిలిచియుండుటను మీలో పలువురు చూచియుందురు. ఆ శ్రీహరికోటనుండియే 2008 అక్టోబరు 22వ తేదీన చంద్రయాన్-1 బయలుదేరినది.

నవంబరు మాసమున, అది చంద్రుని చుట్టును తిరుగుచుండగా, లోపలి వేడిమి సుమారు 50 డిగ్రీలకు పెరిగినది. భూమిమీద వస్తువునకు గాలి తగిలి వేడి తగ్గును. అచట గాలి లేదు. వేడి కిరణరూపమున మాత్రమే వెలికి పోవలెను. శాస్త్రజ్ఞులు నౌకను సుమారు 20 డిగ్రీలు త్రిప్పి, కొన్ని పరికరములను ఆపివేసిరి. వేడిమి తగ్గినది. వేడి సంగతి సకాలమున తెలియకున్నచో ఈ చికిత్స సాధ్యము కాదు. 2009 ఆగస్టు 29న నౌకతో సంబంధము తెగిపోయినను, ఆలోపుననే అది చంద్రునిపై నీటి జాడను పట్టి యిచ్చినది.

మన యిండ్లలోని కంప్యూటరు మొదలగు యంత్రములకును ఇట్టి జ్వరము కలదు. దానిని కనిపెట్టుటకు వ్రేలిగోటికన్న చిన్నదైన సిలికాను చిప్పు చాలును. సిలికాను సంధిగుండ విద్యుత్తు పారునపుడు సుమారు 0.6 వోల్టు నిలుచును. వేడిమి ఒక డిగ్రీ పెరిగినచో అది సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. ట్రాన్సిస్టరు పనికి చిక్కు తెచ్చు ఈ గుణమే ఇచట కొలబద్ద యైనది. ఎల్.ఎం.35 అను చిప్పు డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున తెలుపును. 30 డిగ్రీలకు 300 అన్నమాట.

ఎల్.ఎం.75 అను మరియొకటి కొలుచుటతో ఆగక హెచ్చరించును కూడ. వేరు హద్దు నిర్ణయింపకున్నచో అది 80 డిగ్రీలు దాటగానే సంకేతమిచ్చి, 75 కంటె తగ్గిన పిమ్మటనే దానిని విరమించును. రెండు హద్దులేల? పొంగిన పాలగిన్నెను దించిన యిల్లాలు పొంగు అణగకముందే మరల పొయ్యిమీద పెట్టదు గదా! ఒకే హద్దున్నచో యంత్రము క్షణమునకొకమారు ఆగుచు, సాగుచు నుండును.

అయినను చిప్పు తానున్నచోటి వేడినే ఎరుగును. నుదురు కాలుచుండగా పాదము తాకి చూచిన ప్రయోజనమేమి? కావున దానిని అధికముగ వేడెక్కు భాగముచెంతనే అమర్చవలెను.

మనము చేయవలసినదియు కొంత కలదు. అందముకొరకు టెలివిజనుపై గుడ్డ కప్పి గాలిరంధ్రములను మూయకుడు. వెనుక గోడకు నడుమ జానెడు చోటు విడువుడు. యంత్రము తానై ఆగిపోయినచో కోపింపక చల్లారనిండు. అది మొండితనము కాదు. తన్ను తాను కాపాడుకొను ఉపాయము.