శ్రుతి పట్టువాని మనవి
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

మంగళవాద్యమును గూర్చి పెద్దలు పలువురు ప్రసంగించిరి. సన్నాయి విద్వాంసులను కొనియాడిరి. డోలు విద్వాంసులను కొనియాడిరి. వారి వెనుక కూర్చుండి ఒక్క షడ్జమునే పట్టియుండువానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటకు లేచితిని. నేను నలువది యేండ్లు మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతముల పెండ్లిపందిళ్ళలో శ్రుతి పట్టినవాడను.

శ్రుతిసన్నాయికి వ్రేళ్ళతో పలికించు రంధ్రములు లేవు. అడుగుననున్న రంధ్రములను మైనముతో మూసియు, తెరచియు స్థాయిని సరిచేసికొందుము. బుగ్గలలో నిలిపిన గాలిని ఊదుచునే ముక్కుతో క్రొత్త ఊపిరి పీల్చుకొనవలెను. ఎదురుకోలు మొదలు తలంబ్రాల వరకు నాదము తెగరాదు. ఆ యాధారముపైననే రాగము నిలుచును. శ్రుతి సరిగా నున్నంతసేపు దాని నెవ్వరును తలపరు. తప్పిన క్షణమున పందిరియెల్ల వినును.

నా దోష మొకటి ఈ సభలో ఒప్పుకొందును. మా మేళమునకు మా మేనమామ పెద్ద. సన్నాయికి, డోలుకు నిండు వంతు. తాళమునకు, శ్రుతికి అరవంతు. ఒకనాడు చేవెళ్ళలో వంతు విషయమై అలిగి, ముహూర్తపువేళ ఊపిరి సడలించి శ్రుతిని దిగజార్చితిని. రాగము చెడెను. పెండ్లివారు మామను నలుగురిలో నిందించిరి. ఆయన తలవంచుకొని పడెనే కాని నా పేరు చెప్పలేదు. తిరుగుదారిని, రహదారి మర్రిచెట్ల క్రింద బస్సుకొరకు నిలిచినప్పుడు నా అరవంతు నా చేతబెట్టి, "రేపు పొద్దుగాల్నే రారా, మొయినాబాదుల లగ్గమున్నది" అనెను. నాటినుండి నా శ్రుతి సడలలేదు. కాని అరవంతు న్యాయమని నేడును ఒప్పుకొనను.

కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానాగారు (1924–1999) 1977లో పద్మశ్రీని, 1998లో సంగీతకళానిధి బిరుదమును పొంది తెలుగువారి నాదస్వరమునకు కీర్తి తెచ్చిరి. అట్టి మహావిద్వాంసుల వెనుక శ్రుతి పట్టినవారి పేర్లు మనలో నెందరికి తెలియును?

తరువాత విద్యుత్ శ్రుతిపెట్టె పుట్టెను. అది అలయదు, అలుగదు, వంతడుగదు. నేడు పెక్కు మేళములలో నా స్థానమున నదియే కూర్చున్నది. దానిని నిందింపను. కాని పూర్వము బాలుడు శ్రుతి పట్టుచు చెవిని సిద్ధపరచుకొని పిమ్మట సన్నాయికి వచ్చెడివాడు. ఆ మెట్టు తొలగినచో మన పిల్లలు ఎచ్చట కూర్చుండి నేర్తురు?

కావున మేళపు పెద్దలకు నా మనవి: ప్రతి మేళమును ఒక బాలుని శ్రుతికి చేర్చుకొనవలెను, వానికి నిండు వంతు ఈయవలెను. పోషక మహాశయులకు నా ప్రార్థన: బాలుడు నేర్చుకొను తొలియేటి వంతులో పెరిగిన భాగమును తాము భరింపవలెను. దీనిని తీర్మానముగా వ్రాసికొనుడు. వచ్చు మహాసభలో లెక్క చెప్పుకొందము.

నా శ్రుతిసన్నాయిని వెంట తెచ్చితిని. సభ ముగియులోపల దానిని అందుకొను బాలుడున్నచో ముందుకు రావచ్చును. వానికి మొదటి ఊపిరి నేనే నేర్పెదను.

సెలవు.