తంబాకులో ఘాటు ఎక్కడి నుంచి వస్తది?

మన ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి, కోరుట్ల దిక్కు చాలా ఇండ్లల్లో అమ్మలు చేట ముందు పెట్టుకుని బీడీలు చేస్తరు. చేటలో రెండు ఉంటాయి: తునికాకు, తంబాకు. తునికాకు అడవిది. మరి తంబాకు? బీడీ తంబాకుకు పేరున్న ప్రాంతాలు గుజరాత్, కర్ణాటకలోని నిపాణి.

సిగరెట్‌కు పోయే పొగాకు కూడా అదే జాతి మొక్క. అది ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం వైపు ఇసుక నేలల్లో పండుతుంది. ఒకటే జాతి కదా, మరి ఒకటి నిమ్మపండు రంగులో, ఇంకొకటి ముదురు రంగులో ఘాటుగా ఎందుకుంటది? రకం తేడా ఉంది, ఆరబెట్టే పద్ధతి తేడా ఉంది. కానీ సగం కథ చేనులోనే నడుస్తది.

నికోటిన్ తయారయ్యేది ఆకులో కాదు, వేర్లలో. అక్కడి నుంచి ఆకుకు ఎక్కుతది. ఒక్కో నికోటిన్ అణువులో రెండు నైట్రోజన్ పరమాణువులు ఉంటాయి. అంటే యూరియా ఎక్కువ పడితే నికోటిన్ పెరుగుతది, చక్కెర తగ్గుతది. ఇసుక నేలలో ఆకు పండే టైమ్‌కి నైట్రోజన్ అయిపోతది. ఆకు పసుపు రంగుకు తిరుగుతది, పిండి పదార్థం నిండుతది. బ్యారన్‌లో వేడి పెడితే ఆ పిండి చక్కెరగా మారుతది. అందుకే ఆ రంగు. లేటుగా యూరియా వేస్తే ఆకు పచ్చగానే ఉండిపోతది, వేలంలో రేటు పడిపోతది.

వాన ముచ్చట చూద్దాం. నీళ్లు తక్కువైతే ఆకు చిన్నగా, మందంగా, ఘాటుగా వస్తది. వానలు ఎక్కువైతే పలచగా, తేలికగా వస్తది. పూత రాంగనే తల తుంచుతరు. అప్పుడు వేర్లు ఇంకా ఎక్కువ నికోటిన్ చేస్తాయి. బీడీ తంబాకులో ఘాటు కావాలని ఇదంతా కావాలనే చేస్తరు. ఒకే మొక్కలో కూడా కింది ఆకు కంటే పై ఆకుకు ఘాటు ఎక్కువ.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఇంకో తిప్పలు. క్లోరైడ్ 2 శాతం దాటిన ఆకు గాలిలోని తేమను గుంజుతది, సరిగా కాలదు. అందుకే పొగాకుకు మామూలు ఎర్ర పొటాష్ వద్దంటరు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వెయ్యమంటరు.

ఇప్పుడు అసలు మాట. "క్వాలిటీ ఆకు" అంటే ఒంటికి మంచి ఆకు అని కాదు. కొనేటోళ్లకు నచ్చిన ఆకు, అంతే. చేనులో పెంచిన ఆ ఘాటు మన ఇంటి చేట దాకా వస్తది. నికోటిన్ తడి చర్మం నుంచి కూడా ఒంట్లోకి పోతది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతది. బీడీ తాగేటోళ్లకు కూడా అది సిగరెట్ కంటే మంచిదేం కాదు.

కాబట్టి అమ్మకు చెప్పండి: గాలి ఆడే చోట కూసోవాలి, ముక్కుకు బట్ట కట్టుకోవాలి, అన్నం తినేముందు సబ్బుతో చేతులు కడగాలి. చంటి పిల్లల్ని చేట దగ్గర కూసోబెట్టొద్దు.

మీ ఇంట్లో బీడీలు చేసేది ఎవరు? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!